నా పేరు చెప్పి కోసిన కోడి

నాకు ఆకు వక్క వేసుకునే అలవాటు లేదు. అందుకే ఆ రోజు చేలో శెనక్కాయ చెట్లు పీకుతుంటే దగ్గు తెర వచ్చి, పక్కకు ఉమ్మితే ఎర్రగా పడేసరికి అది రక్తమేనని తెలిసిపోయింది. కాలితో మన్ను కప్పేశాను. పక్క సాలులో మా అత్త ఉంది. ఆమె ఆ మన్ను వైపు చూసింది, నా మొహం వైపు చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని మాత్రం అడిగింది.

దగ్గు చాలా రోజులుగానే ఉంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. రవికలు వదులయ్యాయి. బిడ్డకు పాలిచ్చిన ఒళ్లు కదా, పైగా వానలు లేని ఏడు, చేలో దుమ్ము, అందుకేలే అనుకుంటూ వచ్చాను. ఇది డెబ్బయ్యవ దశకం చివరి మాట. మాది కదిరి దగ్గర మెట్ట పల్లె. మా ఆయన రామాంజి కదిరిలో శెనక్కాయ మిల్లులో పనిచేసేవాడు. మా పాప సుజాత అప్పుడప్పుడే పరుగులు పెడుతోంది.

మరుసటి రోజే జిల్లా పెద్దాసుపత్రికి పోయాము. ఎక్స్‌రే తీశారు, కఫం టెస్టుకు ఇమ్మన్నారు. డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "లెఫ్ట్ లంగ్‌లో కేవిటీ ఉంది. స్పుటం పాజిటివ్. టీబీ. భయపడొద్దు, మందులున్నాయి, మధ్యలో మానకూడదు" అన్నాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఐఎన్‌హెచ్ మాత్రలు రాశాడు. గుడ్లు, మాంసం, పప్పు బాగా తినాలని, ప్రోటీన్ లేకపోతే మందు ఒక్కటే ఏమీ చేయలేదని చెప్పాడు. చివర్లో ఇంకొక మాట అన్నాడు. స్పుటం నెగటివ్ అయ్యేదాకా, అంటే కఫంలో క్రిములు పోయేదాకా, బిడ్డను దగ్గరికి తీసుకోవద్దని.

మిగతావన్నీ నా చెవిన పడ్డాయో లేదో నాకే తెలియదు. ఆ మాట మాత్రం పడింది. నెగటివ్ అనిపించుకోవాలి, నా బిడ్డను ఎత్తుకోవాలి. ఆ రోజు నుంచి నాకు వేరే ఆశ లేదు.

కోడలికి పెద్ద జబ్బు చేస్తే పుట్టింటికి పంపడం మా వైపు రివాజు. గోరంట్ల దగ్గరి మా ఊరి నుంచి అమ్మ ఏడ్చుకుంటూ వచ్చి నన్ను తీసుకుపోయింది. పాప అత్త దగ్గర ఉండిపోయింది. ఇంజెక్షన్ వేయడానికి కాంపౌండరు రోజూ ఇంటికే వచ్చేవాడు. అమ్మ నన్ను కంటికి రెప్పలా చూసుకుంది. అబద్ధం చెప్పను. ఆ చూసుకోవడంతోనే నన్ను సగం చంపింది.

మా వైపు మందంటే పత్యం. ఆకు పసరు తాగినా పత్యమే, తేలు కుట్టినా పత్యమే. ఇక ఇంగ్లీషు సూదికైతే చెప్పనక్కరలేదు. సూది వేడి, కోడి వేడి, రెండూ కలిస్తే రక్తం కక్కుకుంటారట. గుడ్డు వేడి. పప్పు వాతం. పెరుగు కఫం. శెనక్కాయ పిత్తం. ఉప్పు తగ్గించాలి, కారం చూపించకూడదు, పులుపు మాటెత్తకూడదు. ఇవన్నీ పోగా మిగిలింది పాతబియ్యం గంజి. పొద్దున గంజి, మధ్యాహ్నం కాస్త చిక్కటి గంజి, మాపటికి మళ్లీ గంజి. చూడవచ్చిన వాళ్లు మా ఇంట్లోనే కడుపునిండా సంగటి తిని, చేయి కడుక్కుంటూ 'లంఖణం పరమౌషధం' అని నాకు చెప్పి పోయేవాళ్లు. నా ఒళ్లు మండిపోయేది. తిన్నవాడికేం తెలుస్తుంది ఆకలి?

డాక్టరు మాంసం తినమన్నాడని అమ్మకు చెప్పాను. ఒకసారి కాదు, నోరు నొచ్చేదాకా చెప్పాను.

"ఆయప్ప అట్లనే చెప్తాడు మా. ఆయప్పకేమి పోయింది? రక్తం పడేది నీకు గదా" అంది అమ్మ.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

అంతటితో అయినా బాగుండేది. నాకు బాగు కావాలని అమ్మ ఊరి గంగమ్మకు కోడిని మొక్కింది. ఎర్ర పుంజు. నేను మంచంలో పడుకుని ఉంటే నా చుట్టూ మూడుసార్లు తిప్పి, దాని తల మీద నా చేయి పెట్టించి, నా పేరు చెప్పి తీసుకుపోయి కోశారు. ఆ మొక్కు కోడిని బంధువులంతా కలిసి తినాలి. పెరట్లో పెద్ద గిన్నె ఎక్కించారు. వెల్లుల్లి, ధనియాలు మాడీ మాడకుండా వేగిన వాసన నా మంచం దాకా వచ్చింది. ఎన్నాళ్లకో నా నోట్లో నీళ్లూరాయి. కాస్త రసమన్నా పోయమని అడిగాను. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, పత్యం చెడుతుంది తల్లీ, కొంచెం ఓర్చుకో అంది. చిన్నాయనలు, పెద్దమ్మలు, వాళ్ల బిడ్డలు అందరూ వరసగా కూర్చుని తిన్నారు. తొడలు మగవాళ్లకు పోయాయి. ఎద ముక్కలు పీచులాగా ఉన్నాయని కొందరు వదిలేస్తే వాటిని కుక్కకు వేశారు. నాకు గంజి వచ్చింది.

ఏం న్యాయం ఇది? ఎవరి ప్రాణం కోసం ఆ కోడి ప్రాణం తీశారో ఆ మనిషికి తప్ప ఊళ్లో కుక్కకు కూడా ముక్క దొరికింది. ఇన్నేళ్లయినా ఆ పూట తలచుకుంటే నాకు పళ్లు బిగుసుకుంటాయి.

తర్వాత కొన్నాళ్లకు కళ్లు పచ్చబడ్డాయి. నీళ్లు తాగినా వాంతి. మా ఆయన వచ్చి మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయాడు, అమ్మ కూడా వచ్చింది. జాండీస్ అన్నారు. మాత్రలకు లివర్ తట్టుకోలేదట. బరువు చూస్తే మొదట వచ్చినప్పటి కంటే తగ్గాను. స్పుటం ఇంకా పాజిటివే.  అన్నాళ్లు గంజి తాగింది దేనికి? బిడ్డను చూడకుండా ఉన్నది దేనికి?

ఏం తింటున్నావని డాక్టరు నన్నే గద్దించాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ గర్వంగా, "పత్యం ఒక్క పూట గూడా తప్పలేదు సార్" అంది.

డాక్టరు కలం కింద పెట్టాడు. "అమ్మా, ఈ అమ్మాయి జబ్బుకు నా దగ్గర మందుంది. మీ పత్యానికి లేదు."

మంచి మాటే. కానీ ఆ మాట మొదటి రోజే, గంజి కాచే మనిషిని పిలిచి చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? తినమని నాకు చెప్పాడు, నాకేదో పొయ్యి చేతిలో ఉన్నట్టు. ఆయన మీద కూడా నాకు కోపమే.

లివర్ కుదుటపడేదాకా మాత్రలు ఆపి మళ్లీ మొదలుపెడదామన్నాడు. అప్పటిదాకా నూనె, నెయ్యి, కొవ్వు వద్దన్నాడు. కోడి చర్మం, కొవ్వు తీసేసి, ఎద ముక్క మెత్తగా ఉడికించి పెట్టమన్నాడు. మా ఆయన నన్ను అట్నుంచి అటే కదిరి బస్సెక్కించాడు. అమ్మ బస్టాండులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్త చేతికి పోతే నేను బతకనని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే నాకూ అత్త మీద పెద్ద ఆశ లేదు. ఆమెది కొడవలి నోరు.

ఇంటికి పోతే పాప వాకిట్లో ఆడుకుంటోంది. నన్ను చూసి అత్త కాళ్ల వెనక దాక్కుంది. నేను దూరంగానే ఆగిపోయాను.

అత్త ఆ రోజే కోడిని కోసింది. డాక్టరు చెప్పినట్టే ఎద ముక్కలు నీళ్లలో వేసి, ఉప్పు వేసి ఉడికించింది. తెల్లగా, నీచు వాసన. ఒక ముక్క నమిలి వాంతి చేసుకున్నాను. మందనుకుని మింగమన్నాడు మా ఆయన. నువ్వు మింగి చూపించు అన్నాను. అత్త నా గిన్నెలో మిగిలింది కాక, కుండలోది ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"గుడ్డ నమిలినట్ల ఉండాది. నోరు బాగుండే నాకే పోలేదు, దీనికి యాడ పోతాది?" అని కొడుకునే కసిరింది.

మరుసటి రోజు పొట్టుపొయ్యి బయటికి తీసింది. తెలియని వాళ్లకు చెబుతాను. అది రేకు డబ్బాతో చేసిన పొయ్యి. మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ మిల్లు నుంచి తెచ్చిన శెనక్కాయ పొట్టు గట్టిగా కూరి, రోకలి మెల్లగా పైకి లాగితే బొక్క నిలుస్తుంది. కింద నిప్పు పెడితే మంట లేకుండా, ఒకటే సెగతో పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కాలుతుంది. వానలు లేని ఏట కోళ్లకు కూడా ఒంట్లో కొవ్వుండదు. ఎద ముక్కను కట్టెల మంట మీద పెడితే బిగుసుకుని పీచవుతుందని, సెగ మీద పెడితే వెన్నలాగా విడిపోతుందని అత్త లెక్క.

చర్మం ఒలిచి, పచ్చకొవ్వు గోటితో గీకి తీసేసింది. ఉప్పు, పసుపు, అల్లం, వెల్లుల్లి పట్టించింది. నూనె వద్దన్నారు కదా, అందుకని ఉల్లిగడ్డలు నిప్పుల్లో పైపొర నల్లబడేదాకా కాల్చింది. ఎండుమిరపకాయలు, ధనియాలు, మిరియాలు, జీలకర్ర వట్టి పెంకులో వేయించి, కాల్చిన ఉల్లిగడ్డతో కలిపి రోట్లో నూరింది. అంతా మట్టికుండలో వేసి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, మూతగా కంచం పెట్టి, ఆ కంచంలో నీళ్లు పోసింది. లోపలి ఆవిరి బయటికి పోకుండా చల్లబడి మళ్లీ కుండలోకే దిగాలని. ముక్క మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోసింది, ముందే పోస్తే ముక్క గట్టిపడుతుందట. మధ్యాహ్నానికి వాకిలంతా ఘుమఘుమలాడింది. చుక్క నూనె లేదు.

పిడికెడంత సంగటి ముద్దతో పెట్టింది. ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. కారం, పులుపు, ఆ కాల్చిన ఉల్లిగడ్డ వాసన. ముక్కు కారింది, కళ్ల వెంట నీళ్లు కారాయి, అయినా ఆపలేదు. చచ్చిపోయిందనుకున్న నా నోరు లేచి కూర్చుంది. వాంతి కాలేదు. నేను తినేదాకా అత్త గడప దగ్గర ఎదురుగా కూర్చుంది. ఎవరికీ గరిటె ఇవ్వలేదు. మా ఆయన కంచం పట్టుకుని వస్తే, దాని కడుపు నిండినాక రాపో అని తరిమింది.

పచ్చకామెర్ల మనిషికి పసుపు పెడతారా అని ఇరుగుపొరుగు వాళ్లు గోల చేశారు. అది కంట్లోకి పోదులేమ్మా, కడుపులోకి పోతాది అని అత్త వాళ్ల నోరు మూయించింది.

కళ్ల పచ్చ తగ్గింది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. అత్త కోడి దొరికిన రోజు కోడి, లేని రోజు గుడ్డు, అదీ లేకపోతే ఉలవలు ఆ కుండలోనే, ఆ కారంతోనే వండిపెట్టింది. అమ్మ చూడవచ్చిన రోజు నేను ఎర్రటి పులుసులో ముక్క అద్దుకుని తింటున్నాను. ఆమె నా చేతిలోంచి గిన్నె లాక్కోబోయింది.

"సూది వేసుకుంటా కోడి తింటాండావా? సావల్లని ఉండాదా?"

గిన్నె వదల్లేదు నేను. "నా పేరు జెప్పి కోసిన కోడిని ఊరంతా తినింది. నాకు గంజి పోస్తివి. సచ్చేది అప్పుడే అయిపోయింది మా. ఇప్పుడు బతుకుతాండా, తిననీ."

అమ్మ కుప్పకూలి ఏడ్చింది. నేను తింటూనే ఉన్నాను. అప్పుడు ఓదార్చాలనిపించలేదు. ఇప్పుడైనా ఓదార్చేదాన్ని కాదు.

తర్వాతి టెస్టులో స్పుటం నెగటివ్ వచ్చింది. డాక్టరు ఇంకొకసారి చేయించి, అదీ నెగటివ్ అయ్యాక, "ఇంక బిడ్డను ఎత్తుకోవచ్చు" అన్నాడు. పరుగున ఇంటికి వస్తే పాప నా దగ్గరికి రాలేదు. చేతులు చాస్తే ఏడుపు. చచ్చి బతికింది ఇందుకా అని పొయ్యి దగ్గర కూలబడ్డాను. అత్త కుండలోంచి ముక్క తీసి, కడిగిన గిన్నెలో వేసి నా చేతికిచ్చింది. ఊది, చిదిమి, సంగటితో ముద్ద చేసి పట్టుకున్నాను. వాసనకు పాప అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి నోరు తెరిచింది. కారానికి ఉస్సు ఉస్సుమంటూ ఇంకా పెట్టమంది. అట్లా పెడుతూ పెడుతూ ఒళ్లోకి లాక్కున్నాను.

మందులు ఏడాదిన్నర వాడాను, డాక్టరు ఆపమన్నప్పుడు తప్ప ఒక్క రోజు మానలేదు. ఇప్పుడు చేలో పని చేస్తాను, కదిరి సంతకు నడిచిపోతాను. చెవిలో కొంచెం గుంయ్‌మనే శబ్దం మిగిలింది, ఇంజెక్షన్ల వల్లనట. అత్త పోయింది. సుజాత హైస్కూల్లో చదువుతోంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా చిన్నాయన కోడలికి అదే జబ్బు వచ్చింది. మొన్న సుజాతను వెంటబెట్టుకుని చూడబోతే ఆ పిల్ల ముందు గంజి ఉంది. పక్కన మా అమ్మ కూర్చుని పత్యం నేర్పుతోంది. తన బిడ్డ తన పత్యంతోనే బతికిందని, గంగమ్మ తన కోడిని అందుకుందని అందరికీ చెబుతోంది.  ఇన్నేళ్లూ అమ్మ ఊరంతా ఇదే చెప్పుకుంటూ తిరిగిందన్నమాట.

ఆ కోడి కథ నా నోట విన్న సుజాత మామూలుగా, తెలియకే అడుగుతున్నట్టు అడిగింది. "అవ్వా, మా అమ్మ పేరు జెప్పి కోసిన కోడిని ఎవరు తినిండేది?"

 గంజి గిన్నె నేను తీసేశాను. మా చిన్నమ్మను పొట్టుపొయ్యి అడిగి తెప్పించి ఆ పూట అక్కడే వండాను. అమ్మ దూరంగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి లేచి వచ్చి, మూత కంచంలో నీళ్లు ఇంకిపోయాయని చెంబుతో పోసి పోయింది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మందు సంగతి డాక్టరుకు వదిలేయండి. మీ ఇంట్లో రోగి పేరు చెప్పి ఏది వండినా, దేవుడి కన్నా ముందు, మగవాళ్ల కన్నా ముందు, మొదటి గిన్నె రోగికి పెట్టండి. పెట్టి లేచి పోవద్దు. తినేదాకా ఎదురుగా కూర్చోండి.