ఆ ఫోను ఎత్తింది మా ఆడపడుచు

పోయిన నెలలో మన తెలుగువాళ్ళే కొందరు కలిసి ఇక్కడ ఆక్లాండ్‌లో, ఫ్లాట్ బుష్ పేటలో ఒక హాలు తీసుకుని ఆటిజం గురించి సభ పెట్టారు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు, నా రోజుల్లో గొంతు తగ్గించి చెప్పుకోవడానికి కూడా భయపడిన మాటల్ని మైకులో ధారాళంగా చెప్తుంటే నాకెంతో ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. పెద్దవాళ్ళెవరైనా రెండు మాటలు చెప్పాలని అడగ్గానే ముందు వరుసలోంచి మా ఆడపడుచు లేచి, మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, చేతికర్ర పట్టుకుని మరీ మైకు దగ్గరికి నడిచి, "మా మేనకోడలి సంగతి ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌లో చూపించాం కాబట్టే అది ఇవాళ ఉద్యోగం చేసుకుంటోంది" అంది. హాలంతా చప్పట్లు. నేనెక్కడ లేస్తానోనని మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. లేవలేదు. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

నా వయసువాళ్ళకి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఈ దేశానికొచ్చినవాళ్ళకి, అప్పటి మా పరిస్థితి విడమరిచి చెప్పక్కర్లేదు. కాకినాడలో కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేను, కంప్యూటర్ ఇంజనీరైన మా ఆయన, చంటిపిల్లతో వచ్చి మా ఆడపడుచు ఇంట్లో దిగాం. ఆవిడ మా ఆయనకి అక్కగారు. వాళ్ళకి ఊరి దక్షిణాన పాపకూర అనే పేటలో ఒక డెయిరీ ఉండేది. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, ఇక్కడ వీధి మూల మీదుండే చిల్లర కొట్టుకి అదే పేరు. ఇక్కడి అనుభవం లేదని ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే మా ఆయన ఆ కొట్టులోనే కూర్చున్నారు, నేను ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనికి కుదిరాను, పాప పగలంతా మా ఆడపడుచు దగ్గర ఉండేది. నీడ ఇచ్చిన మనిషి కాబట్టి ఆవిడ మాటకి ఆ ఇంట్లో ఎదురుండేది కాదు. చారులో ఉప్పు దగ్గర్నుంచి నేను ఏ చీర కట్టుకుని గుడికెళ్ళాలో దాకా ఆవిడే చెప్పేది.

పాపకి మూడో ఏడు నడుస్తున్నా మాటల్లేవు. బట్టలు ఆరేసుకునే క్లిప్పులన్నీ పెరట్లో గట్టు మీద రంగుల వారీగా బారులు తీర్చి, ఒక్కటి కదిలినా గుక్కపట్టి ఏడ్చేది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు గాని, పక్క గదిలో బిస్కెట్ల పొట్లం విప్పిన చప్పుడికి మాత్రం పరిగెత్తుకొచ్చేది, కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని నాకు తెలుసు. ఇంటికొచ్చి పిల్లల ఎదుగుదల చూసే నర్సు ఆ క్లిప్పుల బారుని, పాపని చాలాసేపు చూసి, నా భుజం మీద చెయ్యేసి, డాక్టరుతో మాట్లాడమంది. డాక్టరు హాస్పిటల్‌కి రాశాడు. పిల్లల్ని పరీక్ష చేసే చోట జనం ఎక్కువని, వంతు రాగానే ఫోను చేస్తారని చెప్పారు. ఫోను నంబరు ఏముంది, ఇంట్లో ఉన్నది ఒకటే.

చలికాలం వచ్చింది, వెళ్ళింది. ఫోను రాలేదు. ఈ దేశంలో ఏదైనా నెమ్మదేనని సర్దిచెప్పుకుంటూ, పని నుంచి రాగానే ఎవరైనా చేశారా వదినా అని అడిగేదాన్ని, లేదమ్మా అని ఆవిడ పోపు వేయించుకుంటూ జవాబిచ్చేది. ఎన్నాళ్ళకీ రాకపోయేసరికి ఒకరోజు భోజనాల వేళ ఆశ్రమం ఫోనులోంచి నేనే చేశాను. అవతలి అమ్మాయి పేరు వెతికి, కాస్త ఆశ్చర్యపోయి, మీరు ఇండియా వెళ్ళిపోయారు కదా, మేము ఫోను చేసినప్పుడు మీ ఇంట్లో ఒకావిడ అలాగే చెప్పారు, అందుకే మీ పాప పేరు తీసేశాం, అంది. ఆ రోజు మిగిలిన పని ఎలా చేశానో నాకు గుర్తులేదు. ఒక ముసలావిడ జుట్టు దువ్వుతూ ఉంటే, ఒకచోటే ఎంతసేపు దువ్వుతావు తల్లీ అని ఆవిడే దువ్వెన తీసుకున్నది మాత్రం గుర్తుంది.

ఇంటికెళ్ళి అడిగాను. ఆవిడ బుకాయిస్తుందేమో అనుకున్నాను. స్టవ్ తగ్గించి, నా వైపు తిరిగి, "అవును, నేనే చెప్పాను. ఆడపిల్ల నుదుటి మీద పిచ్చిదన్న ముద్ర వేయిస్తావా? నాకూ ఇద్దరు కూతుళ్ళున్నారు. రేపు వాళ్ళకి సంబంధాలు రావద్దా?" అంది. పిల్ల మాట్లాడకపోవడానికి నేను ఉద్యోగానికి పోవడమే కారణమని కూడా అంది. మా ఆయన తల వంచుకుని, అక్క మన మంచికే చేసిందేమో అని గొణిగారు. ఆయన మీద కూడా నాకు చాలాకాలం కోపం ఉండేది, కాని అది వేరే రకం, అన్నం పెడుతూ పెడుతూ కరిగిపోయే రకం. ఆవిడ మీద కలిగింది కోపం కాదు. పగ అనే మాట పుస్తకాల్లో చదివానే గాని, అది కడుపులో ఇంత చల్లగా కూర్చుంటుందని ఆ సాయంత్రమే తెలిసింది.

వారం తిరక్కుండా రైల్వే స్టేషను వెనక, గోడలు చెమ్మపట్టిన ఒక ఫ్లాట్‌లోకి మారిపోయాం. హాస్పిటల్‌వాళ్ళు పేరు మళ్ళీ రాసుకున్నారు గాని వరుసలో చివర రాసుకున్నారు. మా వంతు వచ్చి, ఒక పొద్దంతా పాపని ఆడించి చూసి, డాక్టరమ్మ ఆ మాట చెప్పేసరికి పాపకి నాలుగు నిండాయి. నేను ఏడవలేదు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి అన్నాను.

అప్పుడు వచ్చింది మా ఇంటికి ఆ టీచరు. బడికి వెళ్ళకముందే ఇలాంటి పిల్లలకి నేర్పడానికి ప్రభుత్వం పంపే మనిషి. బురద బూట్లు గుమ్మంలో విడిచి, చాప మీద బోర్లా పడుకుని, సబ్బు బుడగలు ఊదుతూ పాపతో ఆడేది. అంతకుముందు ఎవరో సలహా ఇస్తే ఇంట్లో తెలుగు మానేసి నా వచ్చీరాని ఇంగ్లీషులో పిల్లని ముద్దుచేసేదాన్ని. టీచరు ఆ సంగతి విని, మీ భాషలోనే మాట్లాడండి, తల్లి నోట్లోంచి సహజంగా వచ్చేదే బిడ్డకి అందుతుంది, అంది. ఆమె బుడగలు ఊది ఆపేది, పాప కళ్ళలోకి చూసేదాకా ఆగేది, నేను 'ఇంకా' అనేదాన్ని, మళ్ళీ ఊదేది. నెలల తరబడి ఇదే ఆట. ఒక వాన పొద్దున పాప ఆమె మోచెయ్యి పట్టుకుని, నా వైపు కూడా ఒకసారి చూసి, "ఇంకా" అంది. ఆ టీచరు కళ్ళు తుడుచుకుంటూ తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాటని మళ్ళీ మళ్ళీ అంటూ ఊదుతూనే ఉంది. నా ఆనందం ఎంతో చెప్పలేను, కాని అందులోనే ఒక ముల్లు. ఈ మాట ఏడాది ముందే విని ఉండేదాన్ని కదా అనుకున్నాను.

మరుసటి వేసవిలో మా ఆడపడుచు ఫ్లాట్ బుష్‌లో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. పిల్లని ఎవరి దగ్గరైనా వదిలి రమ్మని మా ఆయనకి విడిగా చెప్పింది. నేను పాపకి మెత్తటి నూలు లంగా కుట్టించి, ఎత్తుకుని మరీ వెళ్ళాను. ఆక్లాండ్‌లో ఉన్న తెలుగువాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. హోమం పొగకి ఇంటి కప్పులోని పొగ అలారం ఒక్కసారిగా మోగింది. పెద్దవాళ్ళే చెవులు మూసుకున్నారు, ఇంక మా పాప సంగతి చెప్పాలా, నేల మీద పడి కేకలు. అలారం ఆగాక కూడా ఆగలేదు. మా ఆడపడుచు నవ్వు పులుముకుని, "గారాబం ఎక్కువైంది దానికి. ఆ మూల గదిలో పెట్టి తలుపెయ్యమ్మా" అంది.

నేను పాపని ఒళ్ళోకి తీసుకుని, అందరికీ వినబడేలా, "గారాబం కాదు వదినా, ఆటిజం. హాస్పిటల్‌వాళ్ళు పిలిస్తే మేము ఇండియా పోయామని మీరు చెప్పారు చూడండి, వాళ్ళు పిలిచింది దీని గురించే" అన్నాను. గొంతు పెంచలేదు. ఆవిడ ముఖం మాడిపోయింది. పంతులుగారు మంత్రం ఆపేశారు. ఆ ముఖాన్ని నేను కావాలనే, తనివితీరా చూశాను, ఇన్నేళ్ళకీ తలుచుకుంటే నాకు హాయిగానే ఉంటుంది, దానికి మీరు నన్నేమనుకున్నా సరే.

మేము కారెక్కుతుంటే హైదరాబాదు నుంచి వచ్చిన ఒకమ్మాయి పరుగున వచ్చింది. "అక్కా, మా బాబు గూడ గట్లనే ఉంటడు. ఇంట్లో చెప్తే తిడుతున్నరు. ఎవర్ని కలవాలె?" అని అడిగింది. హాస్పిటల్ నంబరు నాకు కంఠతా వచ్చు. ఆ కారు పక్కన నిలబడే చెప్పాను.

ఇప్పుడా భయాలు లేవు. కుర్ర తల్లులు పిల్ల తమ కళ్ళలోకి చూడలేదంటే ఆ సాయంత్రానికే పదిమందిని అడుగుతారు, భర్తలు సెలవు పెట్టి వెంట వస్తారు, ఏ ఆడపడుచూ వాళ్ళ ఫోను ఎత్తదు. వాళ్ళని చూస్తే సంతోషం, సంతోషం వెనకే కాస్త అసూయ, మేము కొంచెం తొందరపడి పుట్టామేమోనని. వయసు మీద పడ్డాక క్షమించెయ్యాలని మా ఆయన అంటూంటారు. నాకు చూపు తగ్గింది, ఓపిక తగ్గింది, ఇది మాత్రం తగ్గలేదు.

మా అమ్మాయి ఇప్పుడు ఒక మొక్కల తోటలో నారుకి నీళ్ళు పోసే పని చేస్తోంది, తన బస్సు తనే ఎక్కి వెళ్తుంది. మేనత్త కనబడితే ఆగి, నేర్పినట్టే చేతులు జోడించి, "బాగున్నారా అత్తయ్యా" అని అడుగుతుంది, ఆ అడగడంలో కల్మషం ఉండదు. చిన్నప్పుడు ఎన్నో పనులు దానికి చేతకాకపోతే నేనే చేసిపెట్టేదాన్ని, ఒక్కొక్కటే నేర్చుకుని నా చేతుల్లోంచి తీసేసుకుంది. పగ పట్టడం మాత్రం దానికి ఎప్పటికీ రాదు. అందుకని దాని వంతు పగ కూడా నేనే పడుతున్నాను.