రాజంకు తాగించిన సగం చాయ్

మొన్న నేను చేసిన ఘనకార్యం వింటే, జన్మల నా చేతి చాయ్ ముట్టరు. మా రాజం ప్రాణం పోయేదే! ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న గానీ అప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయినయి.

నా వెన్నుల క్యాన్సర్ గడ్డకు దవాఖానల కరెంటు పెట్టిన్రు, అదే, రేడియేషన్. ఆ నొప్పికి డాక్టర్ మార్ఫిన్ గోలీలు రాసిండు. ఒకటి మింగితే పన్నెండు గంటలు మెల్లమెల్లగ పనిచేస్తదట. నమలొద్దు, పొడి చెయ్యొద్దు, ఇంకెవ్వరికీ ఇయ్యొద్దని, ఆయనకు తెలుగు రాదాయె, హిందీల మూడుసార్లు చెప్పిండు. "హా సాబ్, హా సాబ్" అని తలూపిన. తలూపుడుకేంది, ఎన్నిసార్లయినా ఊపుత!

మగ్గాల కార్ఖానల బతికినోనికి మెల్లగ అంటేనే తిక్క. ఒళ్లు నొప్పులకు ఏ గోలీ అయినా పొడి కొట్టి వేడి చాయ్‌ల కలుపుకొని తాగుడే మా వైద్యం. ఆ రోజు నొప్పి ఎక్కువున్నది. నా భార్య లక్ష్మి బట్టలు ఆరేస్తున్నది. గోలీని చెంచాతో నలిపి చాయ్‌ల కలిపిన. అంత పెద్ద డాక్టర్‌కు తట్టని ఉపాయం నాకు తట్టిందని మురిసిన గూడ!

గప్పుడే రాజం వచ్చిండు. ఇరవై ఏండ్ల సంది నా పక్క మగ్గం ఆయనదే. లాక్‌డౌన్ రోజులాయె, ఇద్దరి మూతికి మాస్కులు, చేతులకు సానిటైజర్. చాయ్ మాత్రం ఎప్పటిలెక్కనే ఒక్క కప్పుల సగం సగం! నా చెయ్యి దానంతటదే సాసర్‌ల పోసి ముందుకు జరిపింది. మందు సంగతి యాదికొచ్చేసరికి ఆయన తాగేసిండు. సగమే గదా, ఏమైతదిలే అనుకున్న.

గంట తిరిగేసరికి రాజం మాట ముద్దయింది. మంచం మీద ఒరిగిండు. లేపితే లేస్తలేడు. లక్ష్మి ఉరికొచ్చి ఆక్సిజన్ మీటర్ వేలికి పెట్టింది. తొంభై అయిదు మీద ఉండాల్సింది ఎనభై రెండు!

"అయ్యో, రాజమన్నకు కరోనా!"

గల్లీల తలుపులన్నీ టపటప పడ్డయి. నాకేమో అసలు సంగతి తెలుసు. చెప్తే లక్ష్మి సంపుతది, చెప్పకుంటే రాజం సస్తడు. దీనికి గూడ ఆలోచన కావాల్నా? నాకు కావలసి వచ్చింది, సిగ్గులేని మొఖం!

"కరోనా కాదే... నా గోలీ."

"నీ గోలీ ఆయన కడుపులకెట్ల పోయింది?"

"చాయ్‌ల."

లక్ష్మి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

దవాఖానల డాక్టర్ కండ్లల్ల టార్చి కొట్టి, మత్తుకు విరుగుడు సూది వేసిండు. "పన్నెండు గంటల మందు ఒక్కసారే ఎక్కించినవ్. నీకైతే అలవాటైంది, ఈయనకు ఊపిరి ఆగేది" అని నన్ను కడిగేసిండు. రాజం కండ్లు తెరిచి ఏమన్నడో తెలుసా? "చాయ్ జర చేదుగనే ఉండె మల్లేశా. వద్దంటె బాగుండదని తాగిన."

ఏడుపొచ్చింది నాకు, నిజంగ.

ఇప్పుడు గోలీల డబ్బాకు తాళం, తాళంచెవి లక్ష్మి పుస్తెలతాడుకు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి చేతుల పెట్టి, మింగినంక నోరు తెరువుమంటది. యాభై ఏండ్లోన్ని, నాలుక బయటపెట్టి "ఆ..." అంటున్న. రాజం ఆమె పక్కకు నిలబడి, "వదినా, నాలుక కింద గూడ చూడు!" అంటడు.