శుక్రవారం ఫోటో

కుమాసి బజారులో సార్పొమా కొట్టుకు బోర్డు లేదు. ఆమె మొహమే బోర్డు. ఆ మాట ఆమే అనేది, గడ్డం పైకెత్తి మరీ. "డబ్బాను చూసి కాదు, నన్ను చూసి కొనండి" అని. నా ప్లాస్టిక్ బకెట్ల కొట్టు ఆమె కొట్టు పక్కనే. మా ఇద్దరి మధ్య ఉండాల్సిన రేకు గోడను కబుర్లకు అడ్డమని ఏనాడో సగం విప్పించేసింది.

ఆమె అమ్మేది చర్మం తెల్లబడే క్రీము, స్వయంగా కలిపినది. నా దగ్గరే కొన్న పసుపు టబ్బులో షియా గింజల వెన్న వేసి, నాలుగు రకాల ట్యూబులు పిండి, ఏదో తెల్లపొడి చల్లి, అరగంటసేపు గరిటెతో తిప్పేది. ట్యూబుల పేర్లు ఎవరికీ చెప్పేది కాదు. నాకు మాత్రం తెలుసు. ఆమె చదువు మూడో తరగతితో ఆగిపోయింది కాబట్టి వాటి మీది అక్షరాలు చదివిపెట్టింది నేనే. వాటిలో రెండు స్టెరాయిడ్ మందులు. దురదకు వారం రోజులు రాసి ఆపేయాలని వాటి మీదే అచ్చేశారు. ఆ సంగతీ చదివి చెప్పాను.

"వారం రాస్తేనే మంచిదైతే, ఏడాది రాస్తే ఇంకెంత మంచిదో" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ఒక డబ్బా కొనుక్కున్నాను కూడా. నాకూ మెడ ఉంది, మోచేతులున్నాయి.

మా ఊళ్లో దినాలు, అంత్యక్రియలు అన్నీ శనివారమే. అందుకని గురువారం మా వరసలో కాలు పెట్టే చోటుండదు. నల్లబట్ట, ఎర్రబట్ట కొనేవాళ్లు అటు, సార్పొమా దగ్గర మెరుపు కొనేవాళ్లు ఇటు. వెళ్లేది ఏడవడానికే అయినా, అక్కడ కుర్చీల్లో కూర్చున్న నాలుగు వందల మందీ చూసేది మన మొహమే కదా.

పోయిన మార్చిలో ఆమె మొహం తిరగబడింది. మొదట బుగ్గల మీద సన్నటి ఎర్రగీతలు, తర్వాత గడ్డం చుట్టూ పొక్కులు, ఆ తర్వాత మంట. ఎండ తగిలినా మంటే, చెమట పట్టినా మంటే, చన్నీళ్లు పోసుకున్నా మంటే. క్రీము రాస్తే గంటలో చల్లబడేది. రాయకపోతే సాయంత్రానికి ఉబ్బేది. రోజుకు రెండుసార్లు రాసేది కాస్తా నాలుగుసార్లయింది. ఏప్రిల్ వచ్చేసరికి అదీ చాలలేదు.

"పెద్దాసుపత్రికి పోవే" అన్నాను.

"అక్కడ చర్మం డాక్టరు గది ముందు బెంచీ మీద ఎవరు కూర్చునుంటారనుకున్నావ్? నా బేరాలే. 'ఏం సార్పొమా, నువ్వూ ఇక్కడికేనా' అంటే ఏం చెప్పమంటావక్కా?"

అప్పుడు దొరికింది ఫోన్లో డాక్టరు. మనిషి ఉండేది రాజధాని అక్రాలోనట. ఎవరి చర్మాన్ని బట్టి వాళ్లకు విడిగా మందు చెబుతుందట. ప్రశ్నలకు జవాబులు రాసి, మూడు ఫోటోలు పంపి, ఫీజు ఫోన్లోనే కట్టేస్తే సరి. మీ వివరాలు ఎవరికీ తెలియవు అని కూడా రాసుంది. ఆ ఒక్క ముక్కా సార్పొమా నాచేత మూడుసార్లు చదివించుకుంది.

ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో. నేను చదవడం, ఆమె చెప్పడం, నేను నొక్కడం. ఎన్ని గంటలు నిద్రపోతారు, ఎన్ని నీళ్లు తాగుతారు, రోజూ ఎంతసేపు ఎండలో ఉంటారు.

"బజారు గొడుగు కింద కూర్చోవడం ఎండలోకి వస్తుందా, నీడలోకి వస్తుందా?" అని నన్నే అడిగింది.

పదకొండో ప్రశ్న దగ్గర ఆగాం. గత ఆరు నెలల్లో మొహానికి ఏమేమి రాశారు?

"షియా వెన్న" అంది.

"ఇంకా?"

"నల్లసబ్బు."

"సార్పొమా."

"నొక్కక్కా. ఆ డాక్టరమ్మకి ఈ ఊళ్లో చుట్టాలు లేరని ఏముంది? నా టబ్బులో ఏముందో రేపు ఊరంతా పాకితే, హాస్టల్లో ఉన్న నా పిల్లని నువ్వు చదివిస్తావా?"

నొక్కాను.

ఇక ఫోటోలు. మొహం కడుక్కుని, ఏమీ రాసుకోకుండా, పగటి వెలుగులో తీయమని రాసుంది. అదీ చదివి చెప్పి, బకెట్ల బేరం వస్తే అటు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా సార్పొమా పౌడరు దట్టించి, కనుబొమ్మలు దిద్దుకుని, చర్చికి పెట్టుకునే విగ్గుతో, చెవులకు పోగులతో కూర్చునుంది.

"ఏమిటే ఈ వేషం?"

"ముక్కూమొహం తెలీని మనిషికి, అదీ డాక్టరుకి, పాచిమొహం చూపించమంటావా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు. రేప్పొద్దున నేను పోతే, చావు పోస్టరు మీద ఈ ఫోటోనే వేసినా వేస్తారు."

నాకు అది తప్పనిపించలేదు. మా వాళ్లలో ఎవరికైనా అంతే. ఫోటో దిగుతున్నామంటే, ఏదో ఒకనాటికి అది గోడకెక్కేదేనన్న ఎరుకతో దిగుతాం. విగ్గు ఒక పక్కకు ఒరిగితే నేనే సర్దాను. పైగా ఆ ఫోన్ ఒకటి, ఎవరి మొహమైనా తనంతట తానే నున్నగా చేసి చూపిస్తుంది.

రెండు రోజులకు జవాబొచ్చింది. మీ చర్మం చక్కగా, ఆరోగ్యంగా ఉంది, కొంచెం పొడిబారింది, అంతే, షియా వెన్న తగ్గించి చూడండి అని. నేను చదువుతుంటే ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతుండగానే ఆమె పెదవి కొస పగిలి రక్తం వచ్చింది.

ఆ గురువారమే ట్వెనెబోవా పెద్దమ్మ వచ్చింది. ప్రతి అంత్యక్రియలకూ ఆరేసి డబ్బాలు పట్టుకెళ్లే మనిషి. సార్పొమా మొహం చూసి, చేతిలోకి తీసుకున్న డబ్బాను నెమ్మదిగా తిరిగి బల్ల మీద పెట్టింది.

"నీ బోర్డుకి చెదలు పట్టిందేమే?" అంది, వరసంతా వినేలా. "నీ క్రీము నీకే పడకపోతే నాకేం పడుతుంది?"

"ఎండ దెబ్బ, పెద్దమ్మా. వారంలో పోతుంది."

"అయితే వారం పోయాకే వస్తాలే."

వెనకున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ రోజు అమ్ముడైనవి రెండే డబ్బాలు. సాయంత్రం సార్పొమా నా కొట్లోకి వచ్చి, తొట్ల వెనక నేల మీద కూలబడింది. ఆ మొహం బాగుపడకపోతే ఆమెకు కొట్టు లేదు. మొహాన్ని బాగుచేసేదేదో, పాడుచేసేదేదో తెలిసికూడా చెప్పలేక ఆమె అలా కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది కూడా.

"ఫీజు కట్టింది అబద్ధాలాడటానికా? ఈసారి కడిగిన మొహంతో కూర్చో. ఆవిడ నిన్ను ఫోన్లో చూస్తుంది. నేను పక్కనే ఉంటా" అన్నాను.

డాక్టరు పేరు యెల్పాలా, చిన్నపిల్ల. కళ్లద్దాలు పెట్టుకుంది. తెర మీద సార్పొమా మొహాన్ని చాలాసేపు చూసి, ఇంగ్లీషు మానేసి మా ట్వీ భాషలోకి దిగింది, కొంచెం తడబడుతూ.

"అమ్మా, షియా వెన్నతో మొహం ఇలా అవదు. మీరు నాకు చెప్పనిదేదో ఉంది. నేనేం పోలీసుని కాదు."

సార్పొమా లేచి వెళ్లి పసుపు టబ్బూ, ట్యూబులూ తెచ్చి, ఒక్కొక్కటే ఫోన్‌కి ఎదురుగా పట్టుకుంది.

"ఎన్నాళ్లుగా రాస్తున్నారు?"

"తొమ్మిదేళ్లు."

"ఇది మీకు ఎవరు అమ్మారు?"

సార్పొమా నా వంక చూసింది. నేను బకెట్ల వంక చూశాను.

"బజార్లో ఒకావిడ" అంది.

"ఇక ఆవిడ దగ్గర కొనకండి."

"కొనను డాక్టరమ్మా."

మానేయాలి, పూర్తిగా మానేయాలి అని చెప్పింది డాక్టరు. మానగానే మొహం ఇప్పటికంటే పాడవుతుందని, తగ్గడానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు, భయపడి మళ్లీ మొదలుపెట్టొద్దని మరీమరీ చెప్పింది. ఏవో మందులు రాసిచ్చి, ప్రతి శుక్రవారం ఫోటో పంపమంది. ఫోన్ నేను పట్టుకుంటే, ఆవిడ చూస్తుండగానే సార్పొమా టబ్బును మురిక్కాలవలో బోర్లించింది. తొమ్మిదేళ్ల పాటు ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ టబ్బే. ఖాళీ అయ్యాక దాన్ని కడగడానికి కూడా ఆమెకు చేతులు రాలేదు.

మూడో రోజుకు ఆమె కళ్లు గీతల్లా అయిపోయాయి. బుగ్గల మీద చర్మం పొరలుపొరలుగా లేచింది. తలగడకు మొహం అంటుకుపోయేది. కొట్టుకు గుడ్డ కట్టేసి, ఇంట్లో నీళ్ల ప్యాకెట్లు గడ్డకట్టించి బుగ్గలకు ఆనించుకుని కూర్చునేది. నేను అట్టముక్కతో విసిరేదాన్ని. మొదటి శుక్రవారం ఫోటోకు, ఇది అనుకున్నదే, ధైర్యంగా ఉండండి అని జవాబొచ్చింది.

"ధైర్యం ఎక్కడ రాసుకోవాలో అడుగు" అంది సార్పొమా. అందులో నవ్వు లేదు.

ఆదివారం చర్చి మానేసింది. హాస్టల్ నుంచి కూతురు మాట్లాడదామని ఫోన్ చేస్తే, తెర మీద మొహం కనపడకుండా వేలు అడ్డం పెట్టి మాట్లాడింది. "అమ్మా, చీకటిగా ఉందే" అని ఆ పిల్ల అంటుంటే నాకు వినబడింది.

సోమవారం మధ్యాహ్నం, తలమీదుగా గుడ్డ కప్పుకుని నా కొట్టుకు వచ్చింది.

"అక్కా, నీ డబ్బా ఉందిగా."

"లేదు."

"నీ మెడ చెబుతోంది ఉందని."

డాక్టరు చెప్పిందంతా మాట పొల్లుపోకుండా ఆమెకు చదివి వినిపించింది నేనే. ఇంటికెళ్లి డబ్బా మూత తీసిందీ నేనే.

"ఒక్క వేలు, అక్కా. చచ్చిపోయేలా ఉన్నాను. ఒక్క వేలు."

సంచీలోంచి తీసి ఇచ్చాను. ఒక్క వేలుతో తీసుకుంది. నుదురు, బుగ్గలు, గడ్డం. రాసుకుంటుంటేనే కళ్లు మూతలు పడ్డాయి, రెప్పల కిందనుంచి నీళ్లు కారాయి. పదకొండు రోజుల్లో ఆమె గట్టిగా ఊపిరి పీల్చడం అదే మొదటిసారి. ఆ డబ్బా నేను మళ్లీ అడగలేదు.

శుక్రవారం పొద్దున తనే మొహం కడుక్కుని వచ్చి వెలుగులో నిలబడింది. పౌడరు లేదు, విగ్గు లేదు, పోగులు లేవు. అంతా డాక్టరు చెప్పినట్టే. వాపు దిగింది. ఎరుపు తగ్గింది. ఈ వారం ఇంకేమైనా రాశారా అన్న ప్రశ్నకు ఏమీ లేదని నొక్కాను. ఈసారి ఆమె చెప్పకుండానే నొక్కాను.

కెంకే అనే మొక్కజొన్న ముద్దా, వేయించిన చేపా తింటుండగా జవాబొచ్చింది.

"ఏమంటోంది?" అంది సార్పొమా, కారం వేళ్లు ఎత్తి పట్టుకుని.

నాకు నచ్చింది చదవొచ్చు. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎక్కడో తేడా ఉంది, నిజం చెప్పండి అంటోందని నేను చదివితే ఆమె నమ్ముతుంది, నమ్మి ఆగుతుందేమో కూడా. నా చెయ్యి మెడ మీదికి వెళ్లింది. నాలుగు రోజులుగా అక్కడ సన్నగా మంట మొదలైంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె ఆగితే నాకు డబ్బా ఎక్కణ్నుంచి వస్తుంది? సిగ్గుమాలిన మాటే. కానీ నాకు వచ్చిన ఆలోచన అదే.

ఉన్నది ఉన్నట్టు చదివాను.

"చాలా సంతోషం. ఇంత తొందరగా తేరుకున్నవాళ్లను నేను చూడలేదు. మీ ఓర్పును మెచ్చుకోవాలి. ఇప్పుడు ఏం చేస్తున్నారో అదే మానకుండా చేయండి."

సార్పొమా ఈసారి నవ్వలేదు. చేపముళ్లు ఆకు మీద ఒక పక్కకు నెట్టి, చెయ్యి కడుక్కుంది. తర్వాత సంచీలోంచి నా డబ్బా తీసి మూత విప్పి, నాకు కనబడేలా వంచింది. అడుగు కనబడుతోంది.

లేచి నా సరుకులోంచి ఒక పసుపు టబ్బు లాగి, అడుగున వేలితో కొట్టి చూసింది.

"రేపు ట్యూబులు తెస్తానక్కా. చదివిపెట్టు."

చదివిపెడతానన్నాను.