పిలిస్తే చాలు

మా వార్డు ఆయాని అందరూ పిలుపులమ్మ అనేవారు. ఎగతాళికి మేం పెట్టిన పేరే. రోగి ఆఖరి ఘడియల్లో ఉన్నాడని తెలిస్తే చాలు, తడి దూది పట్టుకుని మంచం పక్కకు చేరేది. ఎండిన పెదవులు తడిపి, చెవి దగ్గర వంగి, "ప్రభువా అని ఒక్కసారి పిలువు నాయనా. పిలిచినవాడు ఎవడైనా సరే, ఆయన కాదనడు" అనేది. పెదవులు కదిలాయా, ఆ పూట అన్నం హాయిగా తినేది. ఎవరైనా అమ్మా అని మూలిగితే ఊరుకునేది కాదు. "అమ్మ కాదు తాతా, ప్రభువా అను" అని దిద్దేది. నర్సమ్మ ఎన్ని చీవాట్లు పెట్టినా దులిపేసుకునేది.

నేనూ ఆ వార్డులో ఆయానే. దేవుడి మీద నాకంత గురి లేదు గానీ నోరు మాత్రం ఎక్కువ. "స్వర్గానికి టికెట్లు చింపుతున్నావా?" అని ఏడిపించేదాన్ని. "నీకూ ఒకటి దాచానులే వదినా" అనేది నవ్వుతూ.

ఇంటి దగ్గర మాత్రం ఆమె పప్పులు ఉడకలేదు. భర్త లారీ మెకానిక్. ఉబ్బసం ముదిరి షెడ్డు మానేశాడు, వెటకారం మానలేదు. ఓసారి నేను వెళ్లేసరికి ఆమె బతిమాలుతోంది.

"ఒక్కసారి పిలువయ్యా, నీ సొమ్మేం పోతుంది?"

"వంటింట్లో ఉన్న నువ్వే పిలిస్తే పలకవు. ఆకాశంలో ఉన్నాయన పలుకుతాడా?"

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అతను పిలవకుండానే పోతాడేమోనని ఆమెకు ఒకటే దిగులు.

అనుకున్నంతా అయింది. ఓ మధ్యాహ్నం ఆయాసం ఎక్కువై ఇంట్లో ఒక్కడే ఉండగా పోయాడు. ఆ వేళకు ఆమె మా వార్డులో ఎవరో ముసలమ్మ పెదవులు తడుపుతోంది.

సమాధి దగ్గర పాస్టరుగారు ఓదార్చబోయారు. "మనసులో పిలిచి ఉండొచ్చు కదమ్మా. దేవుడికి అది చాలు."

"మనసులో అనుకునే మనిషి కాదండీ. ఏదున్నా నోటితో అనేయాల్సిందే."

అప్పుడు పక్కింటావిడ ముందుకొచ్చింది. "పిలిచాడమ్మా. రెండు మూడుసార్లు కేక వినిపించింది. నేను తలుపు తోసుకుని వచ్చేసరికే..."

పిలుపులమ్మ ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఆవిడ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఎవర్ని? ఎవర్ని పిలిచాడు?"

"ఇంకెవర్నమ్మా, నిన్నే. 'ఏమే, ఎక్కడున్నావే' అని."

పాపం, మంచి మాటే చెబుతున్నాననుకుంది ఆవిడ. పిలుపులమ్మ ఆ మట్టిలోనే కూలబడింది. "నన్నెందుకు పిలిచావయ్యా! నేనేం రక్షించగలను? పిలిస్తే రాలేనిదాన్ని!" అని తల బాదుకుంది. నాకు దేవుడి మీద పట్టరాని కోపం వచ్చింది. సరిగ్గా నమ్మని దేవుడి మీద కోపమేమిటో నాకే తెలియదు.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. తుడిచేది, కడిగేది, దుప్పట్లు మార్చేది. మంచాల దగ్గర నోరు విప్పేది కాదు. తడి దూది పని నా నెత్తిన పడింది. ఆ మాట చెప్పడం నాకు చేతకాదు, ఊరికే పెదవులు తడిపి వచ్చేదాన్ని.

మొన్న మూల మంచం మీది ముసలాయనకు ఊపిరి అందకుండా పోయింది. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. "ఏమే... ఏమే..." అంటూ చేత్తో గాలిలో వెతుకుతున్నాడు. బకెట్టుతో వెళ్తున్న పిలుపులమ్మ ఠక్కున ఆగింది. మళ్లీ దిద్దుతుందేమో అనుకున్నాను. బకెట్టు అక్కడే వదిలేసి పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"వచ్చేశానయ్యా. ఇక్కడే ఉన్నా."

ఆయన ఊపిరి ఆగేదాకా అలాగే కూర్చుంది. ప్రభువు ఊసే ఎత్తలేదు.

తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఆ ముసలాయన పిలిచింది నన్ను కాదు. అయినా వెళ్లాను కదా వదినా. మరి మా ఆయన దగ్గరికి ప్రభువు వచ్చి ఉంటాడా, తనను పిలవకపోయినా?"

"రాకపోతే ఆయనేం దేవుడే!" అన్నాను ఒళ్లు మండి.

ఆమె కుళాయి కట్టేసింది.

"నా భయమూ అదే వదినా" అంది.