వదిన మెడలోని తాళంచెవి

నేను చదివింది ఐదో తరగతి వరకే. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులుంటాయి, క్షమించండి. మా వదిన, అంటే మా ఆయన అక్క, పోయిన ఆదివారం చనిపోయింది. కుట్టుమిషన్ ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. గుండె ఆగిందని డాక్టర్ అన్నాడు. బోధన్‌లో మా వీధివాళ్లు మాత్రం లావు తగ్గడానికి ఆరేళ్ల కింద చేయించుకున్న కడుపు ఆపరేషన్ వల్లే పోయిందంటున్నారు. అసలు సంగతి తెలియాలనే రాస్తున్నాను.

పుట్టినప్పుడు వదిన అందరు పిల్లల్లాగే ఉందట. ఏడాది తిరిగేసరికి నడవలేనంత లావైంది. ఎంత తిన్నా ఆకలే. అత్తమ్మ బెల్లం అటక మీద దాస్తే ఎక్కి తీసేదట, దెబ్బలు తినేదట. ఇంట్లో ఆమెకు 'దొంగ' అనే పేరు పడిపోయింది.

ఆపరేషన్‌కు ముందు బరువు చూడాలంటే ఇక్కడి దవాఖానా కాంటా సరిపోలేదు. మా ఆయన నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు తీసుకుపోయి బస్తాల కాంటా మీద నిలబెట్టాడు. నేను అప్పుడు కొత్తకోడలిని, సిగ్గుతో తల వంచుకున్నాను. ఒక హమాలీ నవ్వాడు.

"అక్కా, ఎన్ని బస్తాలు తెచ్చినవ్?"

"ఒక్కటే తమ్మీ. పచ్చి పసుపు, ఇంకా ఉడకవెట్టలె. ఎండి తూకం తగ్గినంక మళ్ల తెస్త, గప్పుడు రాసుకో," అంది వదిన.

అందరూ నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె దారి పొడుగునా కొంగు ముఖం మీద కప్పుకుని కూర్చుంది.

హైదరాబాద్‌లో కడుపు చాలావరకు తీసేసి సన్నని గొట్టంలా చేశారు. బరువు బాగా తగ్గింది. జాకెట్లన్నీ లోపలికి కుట్టుకుంది కానీ, మళ్లీ లావైతే విప్పుకోవచ్చని బట్ట కత్తిరించలేదు. "కడుపును కోసిండ్రు గని ఆకలిని కొయ్యలె పిల్లా," అనేది. రెండేళ్లకు ఆకలి మళ్లీ మొదలైంది, కొంత బరువూ వచ్చింది. అయినా మెట్లెక్కేది, తన చెప్పులు తానే తొడుక్కునేది.

అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. తొడలు మడతలు పడ్డాయి. అన్నం గిన్నె తీస్తే గుక్కపట్టి ఏడ్చేది. నేనే ఎక్కువ పెడుతున్నానని అత్తమ్మ తిట్టేది. వదిన హైదరాబాద్ తీసుకుపోయి తనకూ పాపకూ రక్తపరీక్ష చేయించింది. కడుపు నిండిందని మెదడుకు తెలిపే దారి ఇద్దరికీ పుట్టుకతోనే పనిచేయడం లేదని డాక్టరమ్మ చెప్పింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపం కలిస్తే ఇలా అవుతుందట, మేనరికాల్లో ఎక్కువట. మాది మేనరికం, అత్తమ్మదీ అంతే. పాప చిన్నది, ఆపరేషన్ ఇప్పుడే వద్దు, తిండి కొలిచి పెట్టండి, చూపిస్తూ ఉండండి అంది.

ఇంటికొచ్చాక అత్తమ్మ బెల్లం, అటుకులు బీరువాలో పెట్టి తాళం వేసింది. పాప తలుపు లాగితే అత్తమ్మ అరిచింది.

"ఇంకో దొంగ పుట్టిందే ఇంట్ల!"

వదిన తన తల్లి చేతిలోంచి తాళంచెవి తీసుకుని మెడలో వేసుకుంది. "తాళం వెయ్యుండ్రి అవ్వా, నాక్కూడ వెయ్యుండ్రి. గని దొంగ అనకుండ్రి. ఆకలి దాని తప్పు గాదు."

అత్తమ్మ వదిన ముఖంలోకి చూసింది. "నిన్ను గూడ అన్న గదనే బిడ్డా," అంది.

మళ్లీ ఆ మాట మా ఇంట్లో వినలేదు. పాప బీరువా దగ్గరికి వస్తే వదిన, "ఆకలైతుందా బిడ్డా? నాక్కూడ అయితుంది. పా, కుట్లు లెక్కవెడదాం," అని మిషన్ దగ్గరికి తీసుకుపోయేది.

ఇంటి గుట్టు రాశాను, రేపు పాప పెళ్లికి అడ్డం వస్తుంది, చదివి కాల్చేయండి అందామనుకున్నాను. ఇప్పుడు అనను. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే డాక్టర్‌కు చూపించండి.

తాళంచెవి నా మెడలో ఉంది. నిన్న పాప బీరువా తలుపు పట్టుకుని నిలబడింది. నేను లేచేలోపే అత్తమ్మ పాప పక్కన కూర్చుని, "ఆకలైతుందా బిడ్డా?" అంది. ఇద్దరూ మిషన్ దగ్గరికి పోయి, వదిన జాకెట్ తిరగేసి, లోపలి కుట్ల వరుసలు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు.