ఫస్ట్ ర్యాంకు డిపార్ట్‌మెంట్

మా యూనివర్సిటీలో ఏ డిపార్ట్‌మెంట్ గొప్పదో తేల్చే కమిటీలో నన్నూ వేశారు. ఎలా తేల్చాలన్న దగ్గరే గొడవ మొదలైంది. అచ్చయిన పరిశోధనా పత్రాలు లెక్కపెడదామన్నారు కొందరు. బయటి ప్రొఫెసర్ల అభిప్రాయం అడగాలన్నారు ఇంకొందరు. చదివి వెళ్లిన పిల్లల్ని కూడా కనుక్కుందామన్నాను నేను. డీన్ గారు నవ్వారు.

"పిల్లలకేం తెలుసు మేడమ్? పేపర్లయితే కంప్యూటరే లెక్కపెట్టేస్తుంది."

అలా కెమిస్ట్రీ మొదటిదైంది. అక్కడ ఒకరి పత్రంలో ఇంకొకరు పేరు ఇరికించుకుంటూ ఏడాదంతా అచ్చేస్తారు. పాఠాలు చెప్పడానికే తీరిక ఉండదు. జియాలజీ అట్టడుగున పడింది. అక్కడి మేడమ్‌ని అందరం దీదీ అంటాం. మండుటెండలో పిల్లల్ని గనుల దాకా తీసుకెళ్లి, రాయి చేతికిచ్చి పాఠం చెబుతుంది. ఇనుము మీద బతికే ఈ హిందీ ఊళ్లో ఆ డిపార్ట్‌మెంట్ ఆఖరిదట! నేను సంతకం పెట్టలేదు. అయినా ర్యాంకులు గేటు దగ్గర బోర్డుకెక్కాయి, కింద నా పేరుతో సహా. ఒళ్లు మండిపోయింది.

అడ్మిషన్లప్పుడు సెక్టర్ 7 నుంచి, స్టీలు ప్లాంటులో రిటైరైన ఒకాయన కూతురితో నా దగ్గరికొచ్చాడు. నేను తెలుగుదాన్నని తెలిసి ప్రాణం లేచొచ్చినట్టయింది ఆయనకి.

"మాకేటి తెలుస్తాదమ్మా? బోర్డు మీద పైనున్నదాన్లో జాయిన్ చేసీమంటారా?"

"బోర్డు వదిలేయండి బాబూ. ఇప్పుడు క్లాసుల టైమే. పైనున్న కెమిస్ట్రీ, కిందున్న జియాలజీ రెండూ మీ కళ్లతో చూసి రండి."

తిరిగొచ్చేసరికి ఆయన మొహం ఎర్రబడిపోయింది.

"ఏటమ్మా ఇది? కెమిస్ట్రీకి తాళమేసీసినారు! ప్యూన్ని అడిగితే, సార్లంతా కాన్ఫరెన్స్‌కెళ్లారంట!"

కూతురు ఆయన చెయ్యి లాగింది. "నాన్నా, ఆ జియాలజీ మేడమ్ నాకు రాయి ఇచ్చి, ఇంత బరువెందుకో చెప్పమన్నారు. ముఝే వహీ పఢ్నా హై. నేనదే చదువుతా."

ఆ పిల్ల జియాలజీలోనే చేరింది. ఆ తండ్రి కేకల సంగతి ఎవరు మోశారో, సాయంత్రానికి డీన్ గారు నన్ను పిలిపించారు.

"యూనివర్సిటీ పరువు తీశారు."

"తాళం వేసింది నేను కాదు సర్!" నా గొంతు వరండా దాకా వినపడిందట. కమిటీ నుంచి తీసేశారు.

తర్వాత ఆ ర్యాంకే సాకుగా చూపించి, జియాలజీకి రావాల్సిన కొత్త లెక్చరర్‌ని ఆపేశారు. దీదీ ఇప్పుడు రెండు క్లాసుల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతోంది. గట్టిగా అడగమంటే, "ఛోడో, పోనీలే, పిల్లలు వస్తున్నారుగా" అంటుంది. ఆవిడకి కోపం రాదు. అది చూస్తే నాకు మరీ మండుతుంది.