అవ్వ చాట

వలస వచ్చిన తెలుగువాళ్ళుండే కామాఠిపురలో, వరస గదుల మా చాల్‌లో బీడీలు చుట్టే అవ్వ ఉండేది. ఒకసారి అందరం అద్దె వీసీఆర్ తెచ్చి ఏదో విదేశీ సినిమా చూశాం. ఒక జాతినంతా చంపేస్తుంటే మామూలు మనుషులు ఎలా బతికారన్నది కథ. అందులో ఒకామె, పక్కింట్లో దాక్కున్నవాళ్ళను సైనికులకు వేలెత్తి చూపించింది. అవ్వ టీవీ మీద విరుచుకుపడింది.

"నీ చెయ్యిరగ! పక్కింటోళ్లను చూపిస్తవానే?"

మేం పడీపడీ నవ్వాం.

కొన్నాళ్ళకే నగరంలో మత గొడవలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం నలుగురు కర్రలతో మా చాల్‌కి వచ్చి, మా పక్క గది టైలర్ చాచా బిడ్డ ఎక్కడని అడిగారు. ఆ పిల్ల అవ్వ పక్కనే కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. పొద్దున్నే నీళ్ళ నల్లా దగ్గర నేను దానితో జుట్టు పట్టుకుని కొట్లాడాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. నోరు తెరవబోయాను.

అవ్వ తన చాట నా ఒళ్ళోకి తోసింది. "నోరు మూస్కొని చుట్టవే!"

వాళ్ళ వైపు తిరిగి, "ఈళ్లిద్దరు నా మన్మరాండ్లు. చాచోళ్లు నిన్ననే పోయిన్రు" అంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. నా ఒళ్ళోని చాట జారి పొగాకంతా నేల మీద ఒలికింది. అవ్వ దాన్ని ఎత్తి మళ్ళీ చాటలో పోసింది.

ఆ పిల్ల ప్రాణం దక్కింది. ఆ రోజు నేనేం చెప్పబోయానో అవ్వ చివరిదాకా ఎవరికీ చెప్పలేదు, ఆ పిల్లకి కూడా.